వికలాంగుల ఆత్మగౌరవము – మన కర్తవ్యము

ఉదయగిరి దుర్గమును ఎరుగని విద్యార్థి మన ప్రాంతమున ఉండడు. మూడువేల అడుగుల యెత్తు గల కొండమీద నిలిచిన ఆ కోటను శ్రీకృష్ణదేవరాయలు బహుకాలము ముట్టడించి 1514వ సంవత్సరమున గాని వశపరచుకొనలేకపోయెను. దానిని కట్టినవారి ఉద్దేశ్యము స్పష్టమైనది. పరులు లోనికి రాకూడదు. అందులకే వారు కొండకొమ్మును, దిట్టమైన గోడలను, ఇరుకు దారులను, అలసట గొలుపు మెట్లను కోరుకొనిరి. శత్రువును ఆపుటకు అవి తగిన సాధనములే.

కాని మన పాఠశాలలకు, ప్రార్థనా మందిరములకు, ఆసుపత్రులకు, కచేరీలకు మెట్లు కట్టినవారు ఎవరిని ఆపదలచి కట్టిరి? ఎవరినీ కాదు. ఆలోచింపక కట్టిరి. అయినను ఆలోచించి కట్టిన మెట్టును, ఆలోచింపక కట్టిన మెట్టును, కాలు కదపలేనివానికి ఒక్కటే. రెండును అతనిని వెలుపలనే నిలుపును. ఈ విషయమును గూర్చి మన విద్యార్థులతోను, వారి తలిదండ్రులతోను, నా తోడి ఉపాధ్యాయులతోను నాలుగు మాటలు చెప్పదలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట లెక్క చూతము. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. అనగా నూటికి ఇద్దరికంటె కొంచెము ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదికలో లోకమందు 130 కోట్ల మంది, అనగా ఆరుగురిలో ఒకరు, గణనీయమైన వైకల్యముతో జీవించుచున్నారని చెప్పబడినది. కొలుచు విధానము మారిన కొలది సంఖ్య మారుచుండును. మన దేశపు చిన్న లెక్కనే తీసికొందము. అయిదు వందల మంది చదువు బడిలో ఆ లెక్కకు పదునొకండుగురు ఉండవలెను. మీ బడిలో ఎందరు కలరో ఒకసారి వ్రేళ్లమీద ఎంచి చూడుడు. తక్కువగా కనబడినచో వారు పుట్టలేదని అనుకొనవలదు. వారు ఇంటి అరుగు మీద కూర్చుండి మీరు బడికి పోవుటను చూచుచుందురు.

మన మెట్ట ప్రాంతమునకు ఈ సంగతిలో ఒక ప్రత్యేక చరిత్ర కలదు. 1937వ సంవత్సరమున షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అను నలుగురు చెన్నపురి రాజధానిలోని ఫ్లోరైడు వ్యాధిని గూర్చి ఒక వైద్య పరిశోధన పత్రికలో వ్యాసము ప్రకటించిరి. మన దేశమున మనుష్యుల యెముకలను పట్టి పీడించు ఈ వ్యాధిని వైద్యలోకమునకు తెలియజేసిన తొలి వ్యాసములలో అదియొకటి. వారు రోగులను చూచినది ఎక్కడనో కాదు, నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములలోనే. ఆ తాలూకాలు 1970లో క్రొత్త జిల్లాలోనికి పోయినవి. కాని భూగర్భమున నీరు జిల్లా సరిహద్దులను ఎరుగదు. కనిగిరికి ఆనుకొనియున్న మన ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతములందును ఈ బాధ కలదు.

దాని విధానము ఇట్టిది. మన నేల క్రింది రాతిలో ఫ్లోరైడు కలదు. వానలు తక్కువగుటచే చెరువులెండి, బోరులు లోతునకు పోయిన కొలది రాతితో చిరకాలము కలిసియున్న నీరు పైకి వచ్చును. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చుననియు, వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. అంతకు మించినచో మొదట పిల్లల పండ్లపై గారలు కట్టును; చాల యేండ్లు త్రాగినచో కీళ్లు బిగియును, వెన్నెముక కట్టెవలె గట్టిపడును, నడుము వంగిపోవును. ఎండలో కష్టించువాడు ఎక్కువ నీరు త్రాగును గనుక కూలివానికే ముప్పు ఎక్కువ. ఒకసారి బిగిసిన యెముకను మునుపటివలె చేయు మందు లేదు.

ఇందువలన మనము నేర్చుకొనవలసిన పాఠమేమి? వైకల్యము ఆ మనిషి చేసిన పాపమునకు ఫలమనియు, పెద్దలు చేసిన దోషమనియు, పూర్వజన్మ కర్మమనియు అనుట మన ఊళ్లలో నేటికిని వినబడుచున్నది. దోషము బోరునీటిలో నుండగా జాతకమున వెదకుట ఏమి న్యాయము? ఒకే వీథిలో ఒకే నీరు త్రాగిన పదిమందిలో ఒకని నడుము వంగినది, వేరొకని నడుము వంగలేదు. వంగనివాడు తనను పుణ్యాత్మునిగా ఎంచుకొనదగునా? ఆ వంగిన నడుము ఒక్కని భారము కాదు. ఊరంతయు కలిసి త్రాగిన నీటి బరువును అతడొక్కడు మోయుచున్నాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ పుట్టును. ఇటీవల లోకమున "వికలాంగుల ఆత్మగౌరవము" అను మాట వినబడుచున్నది. అమెరికా దేశమున 1990వ సంవత్సరము జూలై 26వ తేదీన వికలాంగుల హక్కుల చట్టము ఏర్పడినది. దాని జ్ఞాపకార్థము పెక్కు పట్టణములలో జూలై మాసమున వికలాంగులు చక్రముల కుర్చీలతోను, చేతికర్రలతోను, సంజ్ఞలతో మాటలాడుకొనుచును వీథులలో ఊరేగింపుగా పోవుదురు. షికాగో నగరమున అట్టి ఊరేగింపు 2004లో జరిగినది. దీనిని విని ఒక పెద్దమనిషి నాతో, "కుంటితనము పండుగ చేసికొనదగినదా మాష్టారూ? ఫ్లోరైడు నీటిని కూడ పండుగ చేసికొందమా?" అనెను. ప్రశ్న పరిహాసముగా అడిగినను కొట్టివేయదగినది కాదు. దానికి సమాధానము చెప్పకయే ముందునకు పోవుట న్యాయము కాదు.

మన నీతి పాఠములలో గర్వము దుర్గుణము. అది ఇతరులకంటె తాను ఎక్కువ అనుకొనుట. ఆత్మగౌరవము అట్టిది కాదు. ఇతరులకంటె తాను తక్కువ కానని యెరుగుట. ఆ ఊరేగింపులో నడచువారు తమ నొప్పిని పొగడుకొనుట లేదు. మేము దాగియుండము, సిగ్గుపడము, మా దేహమునకు క్షమాపణ చెప్పుకొనము అని చెప్పుచున్నారు. నీటిని శుద్ధిచేయవలెను, అందు సందేహము లేదు. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును అడుగున పేరబెట్టు పద్ధతిని మన శాస్త్రజ్ఞులే కనిపెట్టిరి. అది నల్లగొండ పేరుతోనే లోకమున ప్రసిద్ధి చెందినది. పోలియో చుక్కలు వేయవలెను. వేసితిమి గనుకనే 2011వ సంవత్సరము జనవరి తరువాత మన దేశమున ఆ సహజ వ్యాధి కనబడలేదు, 2014లో మన దేశము పోలియో లేనిదని ధ్రువపరుపబడినది. కాని వ్యాధిని తొలగించుట వేరు, వ్యాధి సోకినవానిని తొలగించుట వేరు. రేపటి బిడ్డకు మంచినీరు ఇచ్చుచు, నేటి వంగిన నడుము గల తాతగారికి సభలో ముందు వరుసలో కుర్చీ వేయుట పరస్పర విరుద్ధమైన పనులా? రెండును ఒకే గౌరవమునుండి పుట్టినవి.

ఇది నేను పుస్తకములో చదివి తెలిసికొనలేదు. నా తప్పువలన తెలిసికొంటిని. సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట శిక్షణ కళాశాలనుండి వెలువడి మెట్ట ప్రాంతపు ఒక పాఠశాలలో క్రొత్తగా చేరితిని. చూపు తక్కువగల పిల్లవానిని ముందు బల్లపై కూర్చుండబెట్టవలెనని మాత్రము మాకు నేర్పిరి. అంతకు మించి నేనును ఆలోచింపలేదు. పదవ తరగతి మేడమీద. ఆ తరగతిలో పోలియోచే రెండు కాళ్లు చచ్చుబడిన ఒక బాలుడు ఉండెను. చంక కర్రలను స్నేహితునికిచ్చి, మెట్లకు వీపు త్రిప్పి కూర్చుండి, చేతులు ఆనించి ఒక్కొక్క మెట్టు పైకి జరుగుచు వచ్చెడివాడు. చూడలేక నేను ఒక దయ తలచితిని. "నీవు పైకి రానక్కరలేదు నాయనా. వేపచెట్టు క్రింద కూర్చుండుము. నీ స్నేహితులు పాఠము వ్రాసి తెచ్చియిచ్చెదరు" అంటిని. ఇంటికి పోయి మంచిపని చేసితినని సంతోషించితిని. గరిటెలు చెక్కు పని నేర్పించినచో కూర్చున్న చోటనే బ్రదుకునని ఒకరిద్దరు పెద్దలు వాని తండ్రితో అనిరి. ఉదయగిరి చెక్క గరిటెల పని గొప్ప పనియే. కోరి నేర్చుకొనువానికి అది కీర్తి. బడిలో చోటు లేక పంపబడినవానికి అది శిక్ష.

మూడు నెలలు గడచినవి. ఒకనాడు ఆ బాలుడు నన్ను ఆపి, "సార్, నాకు మినహాయింపు వద్దండి. తరగతిని కిందికి తెండి" అనెను. "నీ ఒక్కనికోసము నలువది మందిని కదలింపవలెనా?" అని నేను విసుగుకొంటిని. ఆ మాట నేటికిని నన్ను బాధించును. మరునాడు వాడు చెట్టు క్రిందికి కూడ రాలేదు. వారము దినములు రాలేదు. అప్పుడు భయపడి ప్రధానోపాధ్యాయునితో మాటలాడితిని. ఆరవ తరగతిని పైకి, పదవ తరగతిని క్రిందికి మార్చితిమి. బల్లలు మోయుటకు ఒక పూట పట్టెను. ఖర్చు పైసా లేదు. నేనును ఇంకొక ఉపాధ్యాయుడును వాని ఇంటికి పోయి పిలుచుకొని వచ్చితిమి. కాని ఆ మూడు నెలలలో జరిగిన లెక్కల పాఠములను ఎవరును వానికి తిరిగి ఈయలేకపోయిరి. స్నేహితుని చేతివ్రాతను చూచి లెక్కలు నేర్చుకొనుట ఎంత కష్టమో విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు.

ఆ బాలుడు తరువాత ఏమయ్యెనని మీరు అడుగుదురు. పరీక్షలో నెగ్గెను, నేడు ఉద్యోగములో ఉన్నాడు. అయితే నేను చెప్పదలచినది అది కాదు. వాడు పరీక్షలో తప్పియున్నను ఆ గది క్రిందికి రావలసినదే. తక్కిన నలువది మందిలో తప్పినవారు లేరా? వారిని మనము చెట్టు క్రింద కూర్చుండబెట్టితిమా?

గొప్పవారిని గూర్చి చెప్పునప్పుడును ఈ జాగ్రత్త అవసరము. చూపు మందగించుటచే బడి చదువు సాగని ద్వారము వేంకటస్వామి నాయుడుగారు ఫిడేలు విద్యలో దేశమంతట కీర్తి గాంచి, 1936లో విజయనగరము మహారాజా సంగీత కళాశాలకు అధ్యక్షులైరి. పసితనముననే పోలియో సోకిన సూదిని జైపాల్ రెడ్డిగారు చంక కర్రలతో శాసనసభకును, పార్లమెంటునకును పోయి, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ బహుమానము పొంది, కేంద్రమంత్రులై, 2019లో పరమపదించిరి. మచిలీపట్నము దగ్గర పల్లెలో పుట్టుచూపు లేక జన్మించిన బొల్లా శ్రీకాంత్‌గారు పదవ తరగతి తరువాత విజ్ఞానశాస్త్రము చదువనీయకపోగా న్యాయస్థానమునకు పోయి ఆ హక్కు సంపాదించి, అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి వచ్చి, పరిశ్రమ స్థాపించిరి. వీరిని చూచి మనము గర్వింతము. కాని ఈ జీవితములను చదువునప్పుడు వీరి పట్టుదలను మాత్రమే చూచి, వీరి దారికి అడ్డము వచ్చిన తలుపులను చూడకపోవుట సగము చదువు. ఒక బాలుడు విజ్ఞానశాస్త్రము చదువుటకు న్యాయస్థానము మెట్లెక్కవలసి వచ్చుట ఆ బాలుని ఘనతయే, కాని మన విద్యాపద్ధతికి ఘనత కాదు. తలుపు తెరచియుండినచో వీరులు కానవసరము లేకయే ఎందరో మామూలు పిల్లలు మామూలుగా చదువుకొని మామూలుగా బ్రదుకుదురు. ఆ మామూలు బ్రదుకే వారికి మనము బాకీపడియున్నది.

ఇక మన నాలుకలను గూర్చి. "చెవిటివాని ముందు శంఖమూదినట్లు", "గుడ్డెద్దు చేలో పడ్డట్లు" అను సామెతలు మన ఉపాధ్యాయుల నోటినుండియే తరగతిలో ఎక్కువగా వచ్చును. నేనును ఎన్నోసార్లు అంటిని. ఆ తరగతిలో నిజముగా వినికిడి తక్కువగల పిల్ల ఒకతె కూర్చున్నదేమో ఎవరు చూచిరి? ఊరిలో మనిషికి పేరుండగా అవయవము పేరుతో పిలుచుట మనకు అలవాటు. వికలాంగులనుట మంచిదా, దివ్యాంగులనుట మంచిదా, విభిన్న ప్రతిభావంతులనుట మంచిదా అని పెద్దలు వాదించుచున్నారు. వాదింపనిండు. ఆ లోపల మనము చేయగల పని ఒకటి కలదు: తలిదండ్రులు పెట్టిన పేరుతో పిలుచుట.

చట్టము మనకంటె ముందు నడచినది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశము 2007లో అంగీకరించినది. దానిననుసరించి 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ఏర్పడి 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. 1995 నాటి చట్టమున ఏడు విధముల వైకల్యములు చెప్పబడగా దీనియందు ఇరువదియొకటి చెప్పబడినవి. నూటికి 40 పాళ్లకు తక్కువ కాని వైకల్యము గల బాలబాలికలకు ఆరవ యేటినుండి పదునెనిమిదవ యేటివరకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు, ఉన్నత విద్యలో నూటికి అయిదు స్థానములు వారివి. చేతితో వ్రాయలేనివారికి పరీక్షలో లేఖకుడును, గంటకు ఇరువది నిమిషముల అదనపు కాలమును లభించును. సదరం పత్రము తెచ్చుకొనుటకు తిరుగలేక వీటిని పోగొట్టుకొనువారు మన పల్లెలలో కలరు. పింఛను వచ్చుచున్నది, మంచిదే. కాని పింఛను చేతిలో పెట్టి, "ఇక ఇంటనే యుండుము" అనుట సంఘము చేయవలసిన పని కాదు.

మనము ఈ సంవత్సరమే చేయగల పనులు కొన్ని చెప్పెదను. మొదటిది వాలుబాట. ఒక అడుగు యెత్తునకు పన్నెండడుగుల పొడవు ఉండవలెనని ప్రమాణము. అర్ధ అడుగు చొప్పున మూడు మెట్లున్న వసారాకు పదునెనిమిది అడుగుల వాలుబాట చాలును. పొడవు తగ్గించి నిటారుగా కట్టినచో అది చూచుటకే గాని ఎక్కుటకు పనికిరాదు. ప్రక్కన పట్టుకొనుటకు కడ్డీ ఉండవలెను. రెండవది, మరుగుదొడ్డి. వాలుబాట కట్టి మరుగుదొడ్డికి ఇరుకు తలుపు పెట్టినచో ఆ పిల్ల ఉదయమునుండి సాయంకాలము వరకు నీరు త్రాగక కూర్చుండును. ఆడపిల్లలు బడి మానుటకు ఇదియే చాలును. మూడవది ఉపాధ్యాయుల పని. నల్లబల్లపై వ్రాయుచు గోడతో మాటలాడక, పిల్లల వైపు తిరిగి మాటలాడవలెను. పెదవులను చూచి గ్రహించువారికి అది మేలు. వ్రాసినదానిని పైకి చదువవలెను. చూపు లేనివారికి అది మేలు. నిజమునకు తరగతియందందరికిని మేలే.

నాలుగవది, వారి భాషను మనము కొంత నేర్చుకొనుట. మన దేశమున అంధులకు తొలి పాఠశాలను 1887లో అమృతసరమున షార్ప్ దొరసాని స్థాపించినది; దక్షిణమున పాళయంకోటలో ఆస్క్విత్ దొరసాని 1890లో ఆ పని ఆరంభించినది. భారతీయ భాషలన్నిటికిని ఉమ్మడి బ్రెయిలీ లిపి 1951లో ఏర్పడినది. ఆరు చుక్కలతో మన తెలుగక్షరములన్నియు వ్రాయవచ్చును. భారతీయ సంజ్ఞా భాషకై ఢిల్లీలో 2015లో ఒక పరిశోధనా శిక్షణ కేంద్రము ఏర్పడినది. నమస్కారము, నీ పేరేమి, అన్నము తింటివా, ఆటకు రమ్ము అను నాలుగు మాటలను సంజ్ఞలతో నేర్చుకొనుటకు మీకు ఒక మధ్యాహ్నపు విరామము చాలదా? వినలేని పిల్లకు మాటలాడు స్నేహితులు నలువది మంది దొరకుదురు.

అయిదవది, ముఖ్యమైనది: ఈ పనులన్నిటిని వారినడిగి చేయవలెను. నేను అడుగక దయ చూపితిని. అందువలననే తప్పు చేసితిని. ఏ మెట్టు అడ్డమో ఎక్కనివాడు ఎరుగును, ఎక్కినవాడు ఎరుగడు. పాఠశాల సంఘములోను, గ్రామసభలోను, వార్షికోత్సవ ఏర్పాట్లలోను వారికి స్థానముండవలెను. నాటకమున వారికి పాత్ర ఉండవలెను. అదియు జాలి గొలుపు బిచ్చగాని పాత్ర కాదు, రాజు పాత్ర.

ప్రియ విద్యార్థులారా, జనకమహారాజు సభలో అష్టావక్రుని వంకర దేహమును చూచి నవ్వినవారి కథ మీరు వినియుందురు. సిగ్గు ఎవరికి కలిగెను? దేహము వంకరయైనవానికి కాదు, చూపు వంకరయైనవారికి. మన ఊరి దుర్గము కొండమీద ఉండనిండు, అది చరిత్ర. బడి దుర్గము కారాదు. రేపు మీరు పంచాయతీలలో, కచేరీలలో, ఆసుపత్రులలో కూర్చుండి కట్టడములకు అనుమతి వ్రాయువారగుదురు. అప్పుడు కాగితముపై గీసిన మెట్టును చూచి, "దీనిని ఎక్కలేనివారు ఎట్లు వచ్చెదరు?" అని ఒక్క ప్రశ్న అడుగుడు. ఈ వ్యాసము వ్రాసిన ప్రయోజనము నాకు సిద్ధించును.

చివరగా ఒక మనవి. వికలాంగులను గూర్చి ఈ సంచికలో నేను వ్రాసితిని. వచ్చు సంవత్సరపు సంచికలో ఈ విషయమును గూర్చి నేను వ్రాయకూడదు. మన బడిలోని ఆ పిల్లలే తమ మాటలతో వ్రాయవలెను. వ్రాయలేనివారు చెప్పినచో వ్రాసిపెట్టుటకు మాత్రము నేను సిద్ధముగా నున్నాను.